మూడో గేరులో వియ్యం

కోల్‌కతా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: ఏం చూశావు? పాలరాతి మేడ చూశావా, ఇనప వంతెన చూశావా, కాళీ అమ్మవారిని చూశావా? వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను కాబట్టి చూశాననే అనుకోవాలి. అమ్మవారికి కారు కిటికీలోంచే దండం పెట్టాను. పాలరాతి మేడ ఎటువైపు ఉంటుందో ఇప్పటికీ తెలీదు. నేను కోల్‌కతాలో తనివితీరా చూసింది మూడో గేరు.

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలింది కాస్త చల్లారాక నమ్మమని మా ఆవిడ కొత్తవాళ్ళకి చెబుతూ ఉంటుంది. ఈసారి ఆ జాగ్రత్త అక్కర్లేదు. తుఫాను కారు సంగతి ఒక్కటే నా సొంతం. దాన్ని కూడా అక్కడివాళ్ళు నాకంటే గట్టిగా నమ్మారు.

అసలు వెళ్ళింది మా అక్క ఫోను మీద. అక్క పెళ్ళయి కోల్‌కతా పక్కనున్న బడ్జ్ బడ్జ్ వెళ్ళి చాలా కాలమైంది. బావ అక్కడ ఆయిల్ డిపోలో పనిచేసి ఈమధ్యనే మానుకున్నాడు.

“తమ్ముడూ, నీ నోటితో పని పడ్డాదిరా. బేగి బయల్దేరు.”

“ఏటయిందక్కా?”

“మన జగ్గూ పెళ్ళి ఆగిపోయేలాగుంది. ఆ పిల్ల తండ్రి ఒప్పుకోట్లేదు.”

“కులమా?”

“కాదు.”

“మనం తెలుగోళ్ళమనా?”

“అదీ కాదు. కారంటరా!”

హౌరా

స్టేషను బయట మా మేనల్లుడు జగ్గూ నవ్వుతూ ఎదురొచ్చాడు. న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మనిషి బావలా పొడుగు, మాట మాత్రం మా ఇంటి మాట కాదు. అడిగిందానికి జవాబు చెప్పి ఆగిపోతాడు. నా దగ్గర నాలుగు డబ్బాల మాడుగుల హల్వా, రెండు సంచులు. డిక్కీ తీయబోతే గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

“వెనక సీట్లో పెట్టు మావయ్యా. డిక్కీ తాళం మొరాయిస్తోంది.”

కారు నీలం రంగు. నేలకి అంటుకుపోయి, ఎలక కోసం పొంచి ఉన్న పిల్లిలా ఉంది. మా ఊళ్ళో కారంటే ఎక్కి కూర్చోవాలి. దీంట్లోకి దిగాలి. దిగినవాణ్ణి మళ్ళీ బయటికి లాగడానికి ఒక మనిషి కావాలి. కంపెనీ పేరు రాయను. జగ్గూ కారు నీలం, పిల్ల తండ్రి కారు ఎరుపు. అంతవరకు చాలు. పేర్లు రాస్తే రెండు కార్ల అభిమానులూ మా ఇంటికొచ్చి వీధి అరుగు మీద వాదించుకుంటారు.

వంతెన మీద బండ్లు ఆగిపోయాయి. ఆ సందులోనే మా వాడు విషయం చెప్పాడు. అమ్మాయి పేరు మౌ, వీడి ఆఫీసే. తండ్రి తరుణ్‌బాబుది భవానీపూర్, కలిగినవాళ్ళుండే పాత పేట. యాక్సిడెంటైన కార్లని చూసి బీమా వాళ్ళకి రిపోర్టు రాసే సర్వేయరుగా ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరయ్యాడు. అంటే, ఎదుటివాడు చెప్పేది అబద్ధమనుకున్నందుకే ఇన్నాళ్ళూ జీతం తీసుకున్న మనిషి. అబద్ధమంటే ఆయనకి ఒళ్ళు మంట. అలాంటాయనతో మాట్లాడ్డానికి మా అక్క నన్ను ఎంచింది.

“ఇంతకీ ఆయనకి నీ కారుతో పేచీ ఏమిట్రా?”

“స్టాక్‌లో ఏ కారు బాగా లాగుతుందని, మావయ్యా.”

స్టాక్ అంటే కంపెనీ గేటు దాటినప్పుడు కారు ఎలా ఉందో అలాగే. చిప్పు మార్చకూడదు, సైలెన్సరు కోయకూడదు, ఏమీ తగిలించకూడదు. ఎర్ర కారు ఇంజను తనంతట తాను గాలి పీల్చుకునే రకం. నీలం కారు ఇంజను చిన్నదే గానీ, దానికి గాలి దట్టించే టర్బో ఉంది. పుస్తకంలో అంకెల ప్రకారం మూడో గేరులో నీలం కారే ముందుండాలి. వీడు అదే అన్నాడు. పెద్దాయన ‘సరే, చూద్దాం’ అన్నాడు. న్యూ టౌన్ వెడల్పాటి రోడ్డు మీద ఆదివారం పొద్దున్న చూశారు. ఒకసారి కాదు, చాలా ఆదివారాలు. ప్రతిసారీ నీలం కారు వెనకబడింది.

“దాని మీద ఆయనన్న మాట విను” అని జగ్గూ ఆయన గొంతుతోనే చెప్పాడు. “ఈ కుర్రాడు తన కారు పుస్తకంలో ఉన్నంత లాగుతుందంటాడు. నా కళ్ళతో చూశాను, లాగట్లేదు. అంటే అబద్ధాలకోరైనా అయి ఉండాలి, అచ్చేసిందల్లా నమ్మే వెర్రివాడైనా అయి ఉండాలి. ఈ ఇద్దరిలో నా కూతుర్ని ఎవరికిమ్మంటారు?”

నాకు తరుణ్‌బాబు మీద గౌరవం కలిగింది. నేను నలభై పెళ్ళిళ్ళు చెడగొట్టే మాటలు విన్నాను గానీ ఇంత శుభ్రంగా అల్లిన మాట వినలేదు.

“మరి నీ కారు నిజంగా లాగదా?”

“లాగుతుంది మావయ్యా. కాకపోతే...” అని ఆగాడు. ముందు బస్సు కదిలింది. వాడి మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

న్యూ టౌన్

జగ్గూ ఉండేది పధ్నాలుగో అంతస్తులో. గేటు దగ్గర నా ఫొటో తీశారు, పేరు రాసుకున్నారు, ఏ పని మీద వచ్చానని అడిగారు. పెళ్ళి మాటలకని చెబితే గార్డు ముఖం విప్పారింది. ‘మిష్టి ఎప్పుడు?’ అన్నాడు. మిఠాయి అడగడానికి ఈ ఊళ్ళో పరిచయం అక్కర్లేదు.

సాయంత్రం మౌ వచ్చింది. వచ్చీ రాగానే, “ఏటి మావయ్యా, బాగున్నావేటి?” అంది. నా చేతిలో టీ ఒలికింది. తెలుగు మా అక్క దగ్గర నేర్చుకుందట. ఇంగ్లీషు చదువు, బెంగాలీ ముఖం, మా టెక్కలి మాట.

ముగ్గురం పుచ్కాలు తినడానికి దిగాం. మన పానీపూరీకి అన్నలాంటిది. లోపల బంగాళదుంప ముద్ద, చింతపండు పులుపు, మిరప ఘాటు. బండివాడు ఇరవై రూపాయలకి చేతిలో దొన్నె పెట్టి, నమలడానికి వ్యవధి ఇవ్వకుండా ఒకటి తరవాత ఒకటి వేస్తాడు. అన్నీ అయ్యాక ఇంకోటి ఊరికే ఇవ్వాలి. దాన్ని ఫావు అంటారు. మన కూరగాయల కొసరు లాంటిదే గానీ, మనం కొసరు అడుక్కుంటాం, వీళ్ళు హక్కుగా చెయ్యి చాపుతారు. పట్టుచీరలో ఉన్న ఒకావిడ ఆ ఒక్క పుచ్కా కోసం కారుని రోడ్డు మధ్యలో ఆపించి నిలబడింది.

మౌ ఫావు నోట్లో వేసుకుని అసలు సంగతి చెప్పింది. ఆదివారం తరుణ్‌బాబు బడ్జ్ బడ్జ్‌లో మా అక్కావాళ్ళ ఇల్లు చూడ్డానికి వస్తాడు. బెంగాలీల్లో ‘పాకా కథా’ అని ఉంటుంది. పెద్దలు ఎదురెదురుగా కూర్చుని ఖాయం చేసే మాట, మన తాంబూలాల్లాగే. ఆ మాట చెప్పాలా వద్దా అన్నది దారిలో పెద్ద ఫ్లైఓవర్ మీద తేల్చుకుంటానన్నాడట.

“నాన్న వద్దన్నా నేను చేసుకోగలను మావయ్యా. కానీ అప్పుడు బతికినంతకాలం ‘కారు విషయంలో నేను చెప్పిందే నిజం’ అంటాడు. అది పడలేను. ఆయనే అవుననాలి.”

జగ్గూ డిక్కీ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

భవానీపూర్

మర్నాడు పొద్దున్నే తరుణ్‌బాబు నన్ను ఇంటికి కాదు, వీధి మూల టీకొట్టు బల్ల మీదికి రమ్మన్నాడు. అక్కడ కూర్చునే కబుర్లని అడ్డా అంటారు. మన అరుగు కబుర్లు సాయంత్రం దీపం పెట్టగానే లేస్తాయి. అడ్డా లేవదు. మట్టి ముంతలో పది రూపాయల టీ, శాలపత్రం దొన్నెలో కచోరీ, తీపి బంగాళదుంప కూర. కూరలో పంచదార ఎందుకని అడిగాను. పంచదార లేకపోతే అది కూర ఎలా అవుతుందని నన్నే అడిగారు.

తరుణ్‌బాబు సన్నగా, ఇస్త్రీ చేసిన గొడుగులా ఉన్నాడు. పక్కన ఘోష్‌దా, ఆయన బాల్య స్నేహితుడు. బల్లలో మూడొంతులు ఘోష్‌దాది, మిగతాది అడ్డాది. హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడుకున్నాం. నా సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను.

“సూరిబాబూ,” అన్నాడు తరుణ్‌బాబు. నా పేరులోనే వీళ్ళ మర్యాద ఉండడం కలిసొచ్చింది. “టర్బో అంటే ఏమిటి? వెనక నుంచి ఒకడు నోట్లో కుక్కుతుంటే తినడం. నా ఇంజను తన అన్నం తాను తింటుంది.”

“తింటూనే ఉంటుంది. రెండు వేల ఆర్.పి.ఎం. దాటాక టర్బో ముందు నీ ఇంజను పళ్ళెం నాకుతుంది” అన్నాడు ఘోష్‌దా. ఆయనకి కారే లేదు. అందుకే ఏ వైపైనా వాదించగలడు.

“పుస్తకం అంకెలు చూసి మాట్లాడకు!”

“పుస్తకం చూడకుండా మాట్లాడేది నువ్వొక్కడివే!”

అందరూ నా వైపు చూశారు, నేను ఏదో ఒకటి అనాలన్నట్టు. మా ఊరి పరువు పోకూడదని తుఫాను సంగతి ఎత్తుకున్నాను. ఒక తుఫాను నాడు పలాస దగ్గర మా పాత తెల్ల కారు న్యూట్రల్లో ఉంటే, వెనక నుంచి గాలి పట్టి ఇచ్ఛాపురం దాకా నెట్టుకుపోయిందనీ, దిగి చూస్తే ట్యాంకులో పెట్రోలు లీటరు పెరిగిందనీ చెప్పాను. మా ఊళ్ళో అయితే ఇక్కడ నవ్వి లేచిపోతారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

“గాలి వేగం ఎంత?” అన్నాడు ఘోష్‌దా.

“కిటికీలు మూసే ఉన్నాయా? తెరిచి ఉంటే లెక్క మారుతుంది” అన్నాడు తరుణ్‌బాబు.

“పెట్రోలు పెరగడం సాధ్యమే. వేడికి వ్యాకోచిస్తుంది” అని పక్క బల్ల నుంచి ఒక పెద్దమనిషి.

“తుఫానులో వేడేమిటి మొశాయ్!”

రెండో విడత టీ వచ్చింది, మూడోది వచ్చింది. నా అబద్ధం నా చేతిలోంచి జారిపోయి, ఊళ్ళో పదిమందికీ చెందిన ఆస్తి అయిపోయింది. జీవితంలో మొదటిసారి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుందామా అనిపించింది. ఒప్పుకున్నా వినేలా లేరు.

అక్కడే మర్నాటి పరీక్షకి నియమాలు పెట్టారు. పందెం కాదు, పద్ధతి ప్రకారం లాగుడు. రెండు కార్లూ పక్కపక్కన ఇరవైలో వెళ్ళాలి, మూడో గేరు వేయాలి, చెయ్యి ఊపగానే తొక్కాలి, అరవై రాగానే వదిలేయాలి. అరవై దాటితే పైన కెమెరా ఫొటో తీసి ఫోనుకి జరిమానా పంపుతుంది. గంటకి రెండొందలు పోగల బండ్ల మీద ప్రపంచయుద్ధమంతా ఇరవైకీ అరవైకీ మధ్యన. చెయ్యి ఊపేది నేను.

మధ్యాహ్నం భోజనం తరుణ్‌బాబు ఇంట్లో. ఆయన భార్యని ఘోష్‌దా బౌదీ అంటుంటే నేనూ బౌదీ అన్నాను. అంటే వదినగారు. అక్కడ ముందు చేదు వడ్డిస్తారు. తరవాత పప్పు, తరవాత చేప, చివర తీపి. మనం ముందు పచ్చడి కలుపుకుని నోరు మండించుకుంటాం. వాళ్ళు చేదుతో భయపెట్టి, తీపితో ఓదారుస్తారు. హిల్సా చేప ముళ్ళు తీయడం చేతకాక నేను బిక్కమొహం వేస్తే, బౌదీ చంటిపిల్లాడికి తీసినట్టు తీసిపెట్టింది. మాడుగుల హల్వా నోట్లో పెట్టుకున్న తరుణ్‌బాబు కళ్ళు మూసుకుని, “మీ వైపు నుంచి ఒక్క నిజమైన సంగతి వచ్చింది” అన్నాడు.

ఫ్లైఓవర్

ఆదివారం ఎర్ర కారులో నేను, తరుణ్‌బాబు, ఘోష్‌దా. నీలం కారులో జగ్గూ, మౌ, బౌదీ. ఘోష్‌దా బరువుని తన కారులోనే ఎక్కించుకుని తరుణ్‌బాబు తన న్యాయబుద్ధిని అందరికీ చూపించుకున్నాడు. బౌదీ మాత్రం నీలం కారుకే వెళ్ళింది. ఎందుకో ఫ్లైఓవర్ ఎక్కగానే తెలిసింది. తరుణ్‌బాబు ఏసీ కట్టేశాడు.

“ఏసీ వేస్తే పికప్ తగ్గుతుంది” అన్నాడు.

కిటికీలు దించుదామంటే, గాలి అడ్డుతుందన్నాడు. ఘోష్‌దా పక్కన నేను ఇడ్లీలా ఉడికాను.

పైన రోడ్డు ఖాళీ. రెండు కార్లూ పక్కపక్కకి వచ్చాయి. అవతలి అద్దంలో జగ్గూ ముఖం పరీక్ష హాల్లో కుర్రాడిలా ఉంది. నేను చెయ్యి ఊపాను.

ఎర్ర కారు గొంతు సన్నగా మొదలై పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎంతో బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నీలం కారు ముందు తటపటాయించింది, తరవాత ఊపందుకుంది. కానీ అరవై వచ్చేసరికి ఎర్ర కారు ఒక బానెట్టంత ముందుంది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

“చూశారా సూరిబాబూ?” తరుణ్‌బాబు గొంతులో గెలిచిన సంతోషం లేదు. “నాకు ఆ కుర్రాడంటే ఇష్టమే. ఒక్కసారి ‘నా కారు లాగట్లేదు, కాకూ’ అని ఒప్పుకుంటే ఈ రోజే పిల్లనిచ్చేవాణ్ణి. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని మీ అక్కగారింట్లో కూర్చోను?”

ఫ్లైఓవర్ దిగుతుండగా కారు వెనక నుంచి టపటపమని చప్పుడు వచ్చింది. పక్కకి ఆపి చూస్తే వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. వెనకే జగ్గూ ఆపి, ‘కాకూ’ అంటూ, అంటే బాబాయిగారూ అంటూ, పరుగెత్తుకొచ్చాడు.

“స్టెప్నీ తీయండి కాకూ, క్షణంలో మార్చేస్తాను.”

తరుణ్‌బాబు కదల్లేదు. ఘోష్‌దా వెళ్ళి డిక్కీ ఎత్తాడు. పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిలా ఉంది. స్టెప్నీ లేదు. జాకీ లేదు. కింద పరిచే చాప కూడా లేదు. ఒక పాత దినపత్రిక ఉంది, అది కూడా ఒక్క పేజీయే.

“తరుణ్,” అన్నాడు ఘోష్‌దా నెమ్మదిగా, “చక్రం ఏది?”

జవాబు బౌదీ చెప్పింది. “మా మంచం కింద ఉంది. దుర్గాపూజల ముందు నుంచీ దాని మీదే ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంటున్నాను. కొత్తది కొన్నాడు కాబోలు అనుకున్నాను.”

“బరువు తగ్గించడానికి తీశావా! స్టాక్ స్టాక్ అని మా ప్రాణం తీసి!” ఘోష్‌దా రోడ్డు మీదే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“నువ్వెక్కుతావు కదా,” అన్నాడు తరుణ్‌బాబు, చెవులు కారు రంగులోకి తిరిగి. “నీ బరువుకి సరిపోయేలా తీశాను.”

“నేను ఎక్కని ఆదివారాలో?”

తరుణ్‌బాబు ఆ దినపత్రిక పేజీని మడతపెట్టడం మొదలుపెట్టాడు. జగ్గూ ఆయన అవస్థ చూడలేకపోయాడు. “నా జాకీతో ముందు ఎత్తుదాం కాకూ” అని గబగబా వెళ్ళి, ఇన్నాళ్ళూ మొరాయిస్తోందన్న డిక్కీని ఒక్క నొక్కుతో తెరిచాడు. తెరిచాక గుర్తొచ్చినట్టుంది, అలాగే నిలబడిపోయాడు. మేమంతా వెనక చేరాం.

లోపల ఒక రుబ్బురోలు ఉంది. నల్లరాతిది, దాని పక్కన పొత్రం. ఉప్పుడు బియ్యం బస్తా. చింతపండు డబ్బా. ఇనప పెనం. రెండు ఆవకాయ జాడీలు, కదలకుండా దుప్పట్లో చుట్టి.

ఇక్కడ నా తప్పు ఉంది, రాయక తప్పదు. నా నోరు ఊరుకోలేకపోయింది. “అదంతా నేను తెచ్చాను తరుణ్‌బాబూ! ఊరి నుంచి రైల్లో, వియ్యాలవారికి కానుకగా!” అన్నాను.

చెప్పేశాక ఆయన ముఖం చూశాను. సర్వేయరు ముఖం. “మీరు వచ్చింది మొన్న,” అన్నాడు. “మరి అంతకుముందు ఆదివారాల్లో ఈ కారు ఎందుకు లాగలేదు?”

కాపాడదామని పోయి మేనల్లుణ్ణి నేనే ముంచాను. ఇంకో అబద్ధం నాలిక చివరికి వచ్చింది కూడా.

“ఊరుకో మావయ్యా,” అన్నాడు జగ్గూ. వాడు నన్ను అలా గద్దించడం అదే మొదటిసారి. “అది మా అమ్మది కాకూ. ఏడాదై ఉంటుంది. ఫ్లాటులోకి మారినప్పుడు ఇచ్చింది. రోట్లో రుబ్బితే కింద ఇంటివాళ్ళు గోల పెట్టారు. వెనక్కి తీసుకెళ్తే అమ్మ బాధపడుతుంది. మిగతావి ప్రతిసారీ ఇస్తూనే ఉంటుంది. అందుకని మోస్తున్నాను.”

“ఆ మాట నాకు చెప్పొచ్చుగా?”

జగ్గూ నేల చూశాడు. “మీ ఇల్లు భవానీపూర్లో. మాది డిపో కూలీల లైను. పెళ్ళికొడుకు కార్లో రోలు పెట్టుకు తిరుగుతున్నాడని మీ అడ్డాలో...” అని ఆపేశాడు.

తరుణ్‌బాబు రోలు మీద చెయ్యి వేసి కదిపి చూశాడు. కదల్లేదు. పొత్రం ఎత్తబోయి, రెండు చేతులూ పెట్టి, దించేశాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నాడు. ఇటు చక్రం తీసేసిన కారు. అటు వంటిల్లు మోస్తున్న కారు. తేడా ఒక్క బానెట్టు.

“సర్వనాశనం,” అన్నాడు చివరికి. “టర్బోయే మంచిది.”

బౌదీ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. మౌ ఆపుకోలేదు.

జగ్గూ స్టెప్నీ ఎర్ర కారుకి పట్టలేదు, బోల్టుల అమరిక వేరట. పంచరు వేసేవాణ్ణి పిలిచి, ఘోష్‌దాని టీ డబ్బులిచ్చి కారు దగ్గర కూర్చోబెట్టాం. తరుణ్‌బాబు నీలం కారులో ముందు సీట్లో కూర్చోవాల్సొచ్చింది. ఆ కారులో అడుగు పెట్టనని అడ్డాలో ప్రకటించిన మనిషి. రోడ్డు ఖాళీ దొరికిన చోట టర్బో అందుకుంది, రోలుతో సహా. ఆయన వీపు సీటుకి అతుక్కోవడం వెనక నుంచి చూశాను.

“హూఁ” అన్నాడు. అంతే.

బడ్జ్ బడ్జ్

జూటు మిల్లు పక్కనుంచి, తెల్లటి ఆయిల్ ట్యాంకుల వెనక, గంగ కనిపించేంత దగ్గర మా అక్క ఇల్లు. రెండు గదులు, ముందు సిమెంటు గచ్చు. సందు మొదట్లోనే తెలుగు వినిపించింది. పిల్లలు మాత్రం వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే తెలుగు, గోళీకాయల తగాదా వస్తే బెంగాలీ.

అక్క పీతల పులుసు, గారెలు, గుత్తొంకాయ చేసింది. వియ్యాలవారి నోటికని పప్పులో బెల్లం ముక్క కూడా వేసింది. అక్క బెంగాలీ ఎలా ఉంటుందంటే, బెంగాలీవాళ్ళకీ అర్థమవుతుంది, టెక్కలి నుంచి నిన్న వచ్చినవాడికీ అర్థమవుతుంది. నమస్కారాలయ్యాయి. తరుణ్‌బాబు గచ్చు మీద కుర్చీలో కూర్చున్నాడు. గోడలు చూశాడు, గంగ చూశాడు. ఇక మాట చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బావ, హల్వా డబ్బాలు తెద్దామని వెళ్ళి, నీలం కారు డిక్కీ ఎత్తాడు.

“ఏమే, నీ రోలు ఇక్కడుందేటి?”

అక్క చేతిలో గారెల పళ్ళెం అలాగే ఉంది. కారు దాకా వెళ్ళి చూసింది. వెనక్కి తిరిగి జగ్గూని చూసింది.

“ఏట్రా ఇది? రోజూ రోట్లో పచ్చడి రుబ్బుకుంతన్నాను, నీ చేతి రుచి వస్తన్నాదమ్మా అని ఫోన్లో చెప్పినావు కాదేటి! అంతా అబద్ధమేట్రా?”

 కన్నతల్లికి ఏడాదిపాటు చెప్పిన అబద్ధం, అబద్ధమంటే పడని మామగారి ముందు, పాకా కథా చెప్పబోయే క్షణాన బయటపడింది. మౌ నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. తెరిచి, ఫ్లైఓవర్ దగ్గర చేసిన నిర్వాకం గుర్తొచ్చి, జీవితంలో మొదటిసారి ఖాళీ నోరు మూసుకున్నాను.

తరుణ్‌బాబు లేచి నిలబడ్డాడు.

“దీదీ,” అన్నాడు అక్కతో, “అబద్ధం కాదు. రోలు నేనే అడిగాను.”

బౌదీ తల తిప్పి మొగుణ్ణి చూసింది.

“మా ఇంట్లో... ఆవాలు,” అన్నాడు. చెమట తుడుచుకున్నాడు. “మిక్సీలో నూరితే ఆవ చేదెక్కుతుంది. మీ అబ్బాయి పచ్చడి తిన్నాను. రోట్లో రుబ్బింది. చాలా బాగుంది. నాకు కావాలన్నాను. పాపం, ఇవ్వడానికి వాడికి మనసొప్పలేదు. నేనే బలవంతం చేశాను. ఈ రోజు మీ అనుమతి అడిగి తీసుకెళ్దామని తెప్పించాను.”

వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, అంత బాగా కుదరలేదు. మధ్యలో తడబడ్డాడు, ‘పాపం’ అన్నది అనవసరం. అయినా ముప్ఫయ్యేళ్ళు ఇతరుల అబద్ధాలు పట్టుకుని మొదటిసారి సొంతంగా చెప్పినవాడికి అది తక్కువేం కాదు. చివర్లో అనుమతి మాట కలపడం చాలా బాగుంది, నాకు తోచేది కాదు.

అక్క ముఖం వెలిగిపోయింది. “అయ్యో దాదా, అడగాలేటి! మీ ఇంటికెళ్తే నా రోలు పుట్టింటికెళ్ళినట్టే. పొత్రం కూడా పట్టుకెళ్ళండి, ఆవాలకి పొత్రం లేకపోతే ఏటి లాభం?”

“ఇంక పాకా కథా చెప్పండి” అంది బౌదీ, నవ్వు లోపలే దాచుకుని. “రోలు తీసుకున్నాక పిల్లని ఇవ్వకపోతే బాగుండదు.”

తరుణ్‌బాబు మా బావ చేతులు రెండూ పట్టుకున్నాడు. “ఇచ్చాం,” అన్నాడు. జగ్గూని చూసి మెల్లగా అన్నాడు, “ఇంకెవరికీ అబద్ధాలు చెప్పకు. అమ్మకి చెప్పేవి చెప్పుకో.”

గారెలు మూడో వాయి దిగేసరికి ఘోష్‌దా ఎర్ర కారు తెచ్చాడు. టైరు బాగైంది. జరిగింది విని, తాను లేకుండా పెళ్ళి ఖాయం చేసినందుకు అలిగి, పీతల పులుసు చూసి మానేశాడు. నలుగురం పట్టుకుని రోలుని ఎర్ర కారు డిక్కీలో, స్టెప్నీ ఉండాల్సిన గుంటలో దింపాం. కొలత తీసి చెక్కినట్టు కూర్చుంది. కారు వెనక భాగం బెత్తెడు కిందికి దిగింది. తరుణ్‌బాబు అది చూడకూడదని అటు తిరిగి నిలబడ్డాడు.

మళ్ళీ ఫ్లైఓవర్

పొద్దు వాలుతుండగా బయల్దేరాం. ఎర్ర కారు ముందు, అందులో వియ్యాలవారు, మౌ, ఘోష్‌దా. వెనక నీలం కారులో నేనూ జగ్గూ. డిక్కీ ఖాళీ. బియ్యం బస్తాతో సహా అన్నీ అక్క వెనక్కి తీసుకుంది. మౌ వచ్చాక కొత్తగా ఇస్తుందట.

ఫ్లైఓవర్ ఎక్కాం. రోడ్డు ఖాళీ. అయినా జగ్గూ ఎర్ర కారు వెనకే, అది ఎంత పోతే అంత, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడుపుతున్నాడు. ఫోను మోగింది. స్పీకర్లో తరుణ్‌బాబు.

“ఎందుకు దాటట్లేదు?”

“పరవాలేదు కాకూ, మీరు ముందుండండి.”

“జాలి పడుతున్నావా నా మీద? పక్కకి రా! ఇరవై, మూడో గేరు! ఊపండి సూరిబాబూ చెయ్యి!”

జగ్గూ నన్ను చూశాడు. నేను కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపాను.

నీలం కారు ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, ఏడాది బరువు దిగినదానిలా, కదిలింది. నా తల వెనక్కి పోయి సీటుకి తగిలింది. ఎర్ర కారు కిటికీలో ఘోష్‌దా చెక్కిళ్ళు, బౌదీ కొంగు, మౌ ఊపుతున్న చెయ్యి ఒకదాని తరవాత ఒకటి వెనక్కి పోయాయి. అరవై దగ్గర జగ్గూ కాలు తీసేశాడు. ఎర్ర కారు అద్దంలో చిన్నగా ఉంది.

ఫోను ఇంకా కలిసే ఉంది. అందులోంచి ఘోష్‌దా నవ్వు, మౌ చప్పట్లు వినిపించాయి. ఆ గోల మీదుగా తరుణ్‌బాబు గొంతు ఖంగుమంది.

“ఇది లెక్కలోకి రాదు! నా కార్లో రోలు ఉంది!”